రజియా సిస్టర్ నేర్పిన టేక్

స్పిరిట్ వాసన తగిలితే చాలు, నేను మళ్ళీ ఏమీ తెలియని పిల్లనైపోతాను. ఈ పొద్దున మా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి స్పిరిట్‌తో ట్రేలు తుడుస్తోంది. పక్కనే డాక్టరుగారు ఫోనులో ఎవరికో "టేక్ కేర్, టేక్ కేర్" అని చెబుతున్నారు. ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. అయినా ఆ టేక్ చెవిన పడగానే నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. ఏం తీసుకోవాలో, ఏం తీసెయ్యాలో ఇప్పటికీ నాకు తికమకే. దాంతో రజియా సిస్టర్ గుర్తొచ్చారు.

నర్సింగ్ చదువు బట్టీ పట్టి గట్టెక్కించి, మా ఊరు అల్లాదుర్గ్ నుంచి వచ్చి మెదక్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. నెల రోజులు చూస్తామని, పనికిరాకపోతే ఇంటికి పంపిస్తామని ముందే చెప్పారు. పనైతే వచ్చు, ఇంగ్లీషుతోనే చిక్కు. హైదరాబాద్ నుంచి వచ్చే సర్జన్‌గారికి వేరే భాష పట్టదు. టేక్ అంటే తీసుకొనుట అని బడిలో చెప్పారు. ఇక్కడేమో బీపీ టేక్ చెయ్యమంటే చూడాలట. హిస్టరీ టేక్ చెయ్యమంటే రోగిని కూర్చోబెట్టి అడగాలట. టేక్ ఓవర్ అంటే దిగిపోయే నర్సు పనిని నేను అందుకోవాలట. టేక్ ఇట్ ఈజీ అంటే అసలేమీ చెయ్యక్కర్లేదట. ఏమీ చెయ్యనిదానికి మళ్ళీ తీసుకోవడమెందుకు? ఇంగ్లీషువాళ్లకు మాటలకేమైనా కరువొచ్చిందా అని బాత్రూములో కూర్చుని ఏడ్చేదాన్ని.

రజియా సిస్టర్ మా వార్డు ఇంచార్జి. సన్నగా, పొడుగ్గా, తెల్లకోటు మీద తలకు స్కార్ఫు చుట్టుకుని ఉండేవారు. కోపమొస్తే ఉర్దూ, ప్రేమొస్తే తెలుగు. రౌండ్లు అయిపోగానే నన్ను ట్రే దగ్గర నిలబెట్టి, డాక్టరు చెప్పిన మాటలన్నీ తిరిగి అప్పగించమనేవారు.

"నోటితోని గాదు, చేతితోని చెప్పు" అనేవారు. నేను థర్మామీటరో, కట్టు విప్పే కత్తెరో పట్టుకుని చూపించాలి.

ఒకరోజు విసుగొచ్చి, "గీ ఒక్క మాటకు అసలు అర్థమేంది సిస్టర్?" అని అడిగాను.

"మాటల యాడుంటది బిడ్డా? మంచం మీదున్న మనిషిని చూడు. గాయనకేం గావాల్నో చూస్తే దొరుకుతది. గప్పుడు గూడ దొరకకపోతే అడుగు. నేను గూడ అడుగుత, నాకేమన్న అన్ని తెలుసా?"

నెల గడువు దగ్గరపడింది. ఆపరేషనయిన ఒక పెద్దాయన దగ్గర సర్జన్‌గారు నాతో గబగబా, "టేక్ హిమ్ ఆఫ్ ఆక్సిజన్. ఇఫ్ హీ కెన్ టేక్ ఇట్, టేక్ హిమ్ డౌన్ ఫర్ ఎక్స్‌రే" అన్నారు. ఒకే ఊపిరిలో మూడు టేక్‌లు. ఆక్సిజన్ ఆపాలా, పెట్టాలా? తీసుకోగలిగితే అంటే ఏం తీసుకోవాలి, మాత్రా? చెయ్యి మాస్కు దాకా వెళ్లి ఆగింది. అడిగితే ఉద్యోగం పోతుంది. అడగకపోతే పెద్దాయన ఊపిరికే ముప్పు రావచ్చు. "సార్, అర్థం కాలేదు" అన్నాను.

"అసలు చదువుకున్నావా?" అన్నారాయన, తెలుగులోనే. తిట్టడానికి మాత్రం ఆయనకూ తెలుగే కావాల్సి వచ్చింది.

రజియా సిస్టర్ గబుక్కున ముందుకొచ్చారు. "అడగనియ్యుండ్రి సార్. తెల్వక చేసెటోళ్లతోని నాకు పరేషాన్, అడిగెటోళ్లతోని గాదు." తర్వాత నా వైపు తిరిగి, "ఆక్సిజన్ తీసి జర సేపు చూడు. తట్టుకుంటే కిందికి తీస్కపో" అన్నారు. ఆ సాయంత్రం యజమాని గదిలోకి వెళ్లి నా గురించి ఏం చెప్పారో తెలియదు. నన్ను ఇంటికైతే పంపలేదు.

నిరుడు ఆమెకు జబ్బు ముదిరింది. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రిలో చేర్పిస్తే సెలవు పెట్టి నేనే తోడున్నాను. డాక్టరు రిపోర్టులన్నీ చూసి, "యూ కెన్ టేక్ హర్ హోమ్" అని నాతో చెప్పి పక్క మంచం వైపు నడిచారు. నా బతుకులో తడుముకోకుండా అర్థమైన టేక్ అదే. ఇక చెయ్యడానికేమీ లేదని.

"ఏమన్నరు బిడ్డా?" అన్నారు సిస్టర్ కళ్లు మూసుకునే.

"సమజ్ గాలే సిస్టర్."

"అయితే పోయి అడుగు."

వెళ్లాను. "సార్, అర్థం కాలేదు" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, అదే మాటను ఈసారి మెల్లగా చెప్పారు. వరండాలో కాసేపు గోడకానుకుని ఏడ్చి, ముఖం కడుక్కుని తిరిగొచ్చాను. సిస్టర్ ఇంకేమీ అడగలేదు. నా చెయ్యి పట్టుకుని పడుకున్నారంతే.

ఆమె ఇంగ్లీషు ముందు నాదెంత? నాకంటే ముందే ఆమెకు అర్థమై ఉంటుంది. మరి నన్నెందుకు పంపారు? డాక్టరు ఇంకో మాటేదైనా చెబుతారనా, నేను బయటికి వెళ్లి ఏడ్చుకోవాలనా? ఎంత ఆలోచించినా తెగడం లేదు. ఆమె ఉన్నన్నాళ్లూ నేను అడగకుండా వదిలేసింది అదొక్కటే.