పదమూడో ఎక్కం, నీళ్ళ అడుగున

గత వారం కువైట్‌లో, రిగ్గైలోని ఒక క్లినిక్కులో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవలసి వచ్చింది. మూడు వారాలుగా వదలని దగ్గు. చల్లని పలకకు రొమ్ము ఆనించి నిలబడ్డాక, గాజు కిటికీ వెనకనున్న మలయాళీ అమ్మాయి, "అంకుల్, సాఁస్ లేకే రోకో" అంది. పీల్చాను గాని ఆపలేకపోయాను. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. "రోకో అంకుల్, రోకో" అని ఆమె విసుక్కుంటూంటే నాకు నవ్వు వచ్చి, ఉన్న కాస్త ఊపిరీ ఆ నవ్వుతో పోయింది. పాతికేళ్ళ కిందట ఈ దేశపు సముద్రంలో ఎంతో కష్టపడి మానుకున్న అలవాటును ఆమె నిలుచున్నపళాన మళ్ళీ చెయ్యమంటోందని ఎలా చెప్పను?

గల్ఫ్ అంటే ఎండ, ఇసుక తప్ప మరేమీ తోచని రోజుల్లో నేను ఇక్కడికి వచ్చాను. ఇక్కడున్న మన తెలుగువాళ్ళలో చాలామంది అలాగే వచ్చి ఉంటారు. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటివాణ్ణి నేను. జంతుశాస్త్రంలో బీఎస్సీ పట్టా పుచ్చుకొని రెండేళ్ళు కడపలో ఖాళీగా తిరిగాను. ఆ రెండేళ్ళూ మా నాన్న నన్ను ఏమీ అనలేదు గాని, ఇంటర్మీడియట్ చదువుతున్న మా చెల్లెలి వైపు చూసి, అన్న చదివి ఏం చేశాడో చూశాక దీని సంగతి ఆలోచిద్దాం అనేవాడు. ఆ మాట నా పట్టా కంటే బరువుగా ఉండేది. సరిగ్గా అప్పుడు కువైట్‌లో ఒక చిన్న కంపెనీకి మనిషి కావాలని తెలిసింది. సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే కర్మాగారం నీళ్ళు తోడుకునే చోట, అడుగునున్న రాళ్ళ మీద ఏయే ప్రాణులు బతుకుతున్నాయో దిగి చూసి రాసే పని. జంతుశాస్త్రం చదివి ఉండాలి, ఈత వచ్చి ఉండాలి. దరఖాస్తులో ఈత వచ్చునని రాశాను. అది అబద్ధం కాదు. మా చేని కపిలబావిలో ఏడేళ్ళ వయసులో వీపుకు బెండ్లు కట్టుకొని నేర్చినవాణ్ణి. ఐదు మట్ల నీళ్ళు, అంటే ఐదుగురు మనుషుల ఎత్తు. తెల్లరాయి వేస్తే అడుగుకు పోయి తెచ్చేవాణ్ణి. ఊపిరి బిగబట్టడంలో మా ఈడువాళ్ళలో నన్ను మించినవాడు లేడు.

మూడు నెలలు పని చూస్తామనీ, పెద్ద డైవరు సంతకం పెడితేనే ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, వేయిస్తామనీ మొదటి రోజే చెప్పారు. ఆ పెద్ద డైవరు రాయచోటి మనిషి. అందరూ భాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. నా సర్టిఫికెట్లు పూర్తిగా చదివి, "బాగా చదివినావు గానీ, ఇది మీ ఊరి బాయి గాదప్పా. లోపల ఊపిరి బిగబట్టినావంటే ఖలాస్" అన్నాడు. సిలిండరు గాలి పీల్చినవాడు ఊపిరి ఆపి పైకి వస్తే, పైకి వచ్చేకొద్దీ ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చేస్తుంది. కాబట్టి ఏం జరిగినా పీలుస్తూ వదులుతూ ఉండాలి. డైవరు నేర్చుకునే మొదటి పాఠం అదే. నేను దాన్ని నోటుపుస్తకంలో రాసుకొని, కింద ఎర్ర గీత కూడా గీశాను.

చలికాలం చివర, నాకు పరీక్షగా పెట్టిన డైవు. ఈ సముద్రం ఇంత చల్లగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. రబ్బరు దుస్తుల మెడలోంచి మొదటి చుక్క దిగగానే దవడలు బిగుసుకుపోయాయి. నాలుగైదు మట్ల లోతున పచ్చని మసక వెలుతురు. రాళ్ళ సందుల్లో నల్లని ముళ్ళ ఉండలు, పాచి రంగు ఎండ్రకాయలు, వాటి మధ్య ఒక బండ కింద కటిల్‌ఫిష్ జంట. పేరులో చేప ఉన్నా అది చేప కాదు. ముఖం నిండా చేతులు, ఒంటి నిండా రంగులు. మగది జీబ్రా చారలతో వెలిగిపోతూ కాపలా కాస్తోంది. ఆడది చేతులన్నీ దగ్గరగా చేర్చి బండ కిందికి దూర్చి, ఒక్కొక్క గుడ్డునే పైకప్పుకు అతికించి వస్తోంది. మల్లెమొగ్గలు గుచ్చినట్టుంది. పుస్తకంలో నలుపు తెలుపు బొమ్మగా చూసినది కళ్ళ ముందు జరుగుతూంటే ఒళ్ళు మరిచిపోయాను. నా బుడగలు లేచినప్పుడల్లా అది బెదిరి వెనక్కి తగ్గుతోంది. పాపం, దాన్ని ఎందుకు బెదిరించాలి అనుకున్నాను. నిండుగా పీల్చి, కపిలబావిలోలాగా బిగబట్టాను.

నిండిన రొమ్ము నన్ను మెల్లగా పైకి లేపుతోందని నాకు తెలియలేదు. బండ చిన్నదవుతోందని మాత్రం అనిపించింది. అంతలో ఎవరో కాలు పట్టి లాగి, పొట్టలో ఒక్క గుద్దు గుద్దారు. ఉన్న గాలంతా బుస్సున పోయింది. అద్దం వెనక భాయ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పడవ ఎక్కాక ఆయన నా వీపు మీది సిలిండరు విప్పి దించాడు. "బతికినావు పో" అన్నాడు. "ఆ రిజిస్టర్లో మాత్రం ఏం రాయొద్దు. నేను సంతకం పెడతాలే." డైవులో జరిగినదంతా పైకి వచ్చాక రాసే రిజిస్టరు అది. నేను ఒప్పుకొని ఉంటే ఆ కథ అక్కడితో ముగిసేది. కాని మా ఇంట్లో కాగితం మీద అబద్ధం రాసిన మొదటివాణ్ణి నేనే అవుతానన్న భయంతో, పరీక్షకు జవాబు రాసినట్టు, ఊపిరి ఎందుకు ఆపానో, ఎంతసేపు ఆపానో సహా అర పేజీ రాశాను. భాయ్ అది చూసి, "చదువుకున్నోళ్ళతో ఇదే తంటా" అని తల పట్టుకున్నాడు. ఇఖామా పోయినట్టే, చెల్లెలి చదువూ పోయినట్టే. అర్దియాలోని మా గదికి తిరిగి వచ్చి పెట్టె సర్దుకోవడం కూడా మొదలుపెట్టాను.

మరునాడు ముదీర్, అంటే మా మేనేజరు, పిలిపించాడు. వృద్ధ కువైటీ. నేను రాసిన అర పేజీ ఆయన ముందుంది. వచ్చీరాని హిందీలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఊపిరి ఆపడం ఎక్కడ నేర్చావు అని. బావి సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వాళ్ళ తాత ముత్యాల కోసం ఇదే సముద్రంలో దిగేవాడట. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, సిలిండరు లేదు, ఉన్నదంతా బిగబట్టిన ఊపిరే. ఈ కుర్రవాడికి లేనిది నేర్పడం కాదు, ఉన్నది మాన్పించడం నీ పని, ఇంకొక నెల చూడు అని, నాతోపాటు వచ్చిన భాయ్‌తో అన్నాడు. బయటికి వచ్చాక మెట్ల మీద కూలబడ్డాను. భాయ్ పక్కనే కూర్చొని, "ఎక్కాలు వస్తాయా?" అని అడిగాడు.

ఆయన ఉపాయం అదే. "నోట్లో గొట్టం పెట్టుకొనే ఎక్కం గొణుక్కుంటా పో. ఎక్కం ఆగిందంటే ఊపిరి ఆగినట్టే. పక్కనే ఉంటా, నాకు ఇనపడ్తాది." తేలికవి అలవాటుగా వచ్చేస్తాయని పదమూడో ఎక్కం ఎంచాడు. నెల రోజులు లోతులేని నీళ్ళలో పదమూళ్ళు గొణిగాను. తప్పు చదివితే నెత్తిన మొట్టేవాడు.

నెల తరువాత అదే బండ దగ్గరికి దిగాం. జంట వెళ్ళిపోయింది. గుడ్లు మాత్రం ఉన్నాయి. పలచబడి, గాజు బుడ్లలా అయ్యాయి. ఒక్కొక్క దానిలో గోరంత పిల్ల, రెండు నల్లని కళ్ళు, నా వైపే. నా బుడగలు వాటి పక్కనుంచి గలగలమని పైకి పోతున్నా ఒక్కటీ బెదరలేదు. పదమూడు ఎనిమిదులు నూటనాలుగు దగ్గర భాయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. చెల్లెలు ఆ ఏడే డిగ్రీలో చేరింది. ఇప్పుడు తానే కాలేజీలో జంతుశాస్త్రం చెబుతోంది.

ఇప్పుడు ఆ రాళ్ళ మీదికి మనుషులు దిగడం లేదు. తీగకు కట్టిన కెమెరా దిగుతుంది. నేను నగరంలో షర్క్ పేటలోని ఆఫీసులో కూర్చొని తెర మీద లెక్కపెడతాను. దానికి ఊపిరి లేదు కాబట్టి దేన్నీ బెదిరించదు, బొమ్మలూ స్పష్టంగా వస్తాయి. అయినా చలికి దవడలు బిగిసిన ఆ పచ్చని వెలుతురు తెర మీద కనబడదు. మా కపిలబావి కూడా ఎండిపోయిందట. ఊరి పిల్లలకు ఊపిరి బిగబట్టడమూ తెలియదు, మానవలసిన అవసరమూ లేదు.

నాలుగోసారి ఆ అమ్మాయి "రోకో" అన్నప్పుడు లోలోపల ఎక్కం ఎత్తుకొని, పదమూడు ఏడ్ల తొంభైఒకటి దగ్గర టక్కున ఆపాను. బొమ్మ వచ్చింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పగానే, ఇంట్లోవాళ్ళ కంటే ముందు రాయచోటికి ఫోను చేశాను. భాయ్‌కి ఇప్పుడు చెవులు సరిగా వినబడవు, రెండుసార్లు చెప్పించుకొని, "ఎక్కం యాడ నిలబెట్టినావు?" అన్నాడు. ఏడ్ల దగ్గర అన్నాను.

"అట్ల మధ్యలో వదలగూడదప్పా. మిగిలింది చదువు."

క్లినిక్కు బయట కారులో కూర్చొని, ఆయనకు వినబడేలా, మిగిలిన మూడు వరుసలూ చదివాను.