సమాధి దగ్గర ‘పోయొస్తా’ అన్నాను

దెయ్యం కథలు చెప్పేవాళ్ళను ఆటపట్టించే రకం నేను. ఇప్పుడూ అంతే. పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో పిల్లలకు కర్రసాము నేర్పుతాను. చేతిలో కర్ర ఉంటే ఎవరికీ జడిసేదాన్ని కాదు. అయినా ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

రెండువేల ఐదో ఆరో అనుకుంటా, కాలేజీ చివరి ఏడాది. లాస్‌పేట మైదానంలో పుదుచ్చేరి జట్టుకు ఎంపిక పోటీ. అంతకుముందు రెండుసార్లు ఓడిపోయాను. అంతా నా ఎడమ మోచేయి వల్లే. కర్ర తిప్పుతుంటే అది ఒంటిని వదిలి పైకి లేచేది, ఎదుటివాళ్ళకు అక్కడే సందు దొరికేది. మా మాస్టరు చెప్పి చెప్పి విసిగిపోయారు. ఈసారీ ఓడితే కర్ర అటకెక్కించి బ్యాంకు పరీక్షలకు కూర్చోవాలని నాన్న తేల్చేశారు. కర్ర లేని బతుకు నా ఊహకే అందేది కాదు.

నాకు ఈ పిచ్చి పట్టించింది ఒక సినిమా హీరో. కర్రసాముతోనే పేరు తెచ్చుకున్నాడు, మా ఊరివాడే, చిన్న వయసులోనే పోయాడు. ఎంత వేగంగా తిప్పినా ఆయన మోచేయి ఒంటికి అతుక్కునే ఉండేది. సీడీలు అరిగిపోయేదాకా చూశాను, మనసులో ఆయన్నీ మాస్టరనే పిలిచేదాన్ని. క్రైస్తవుడు కాబట్టి పూడ్చారు, సమాధి ఊళ్ళోనే ఉంది. పోటీకి ముందురోజు సమాధుల పండుగ వస్తే, సాయంత్రం మా మేనత్తను వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఎక్కడ చూసినా పూలు, కొవ్వొత్తులు. నేనూ దండ వేసి, కొవ్వొత్తి వెలిగించి, దండం పెట్టుకున్నాను. లేస్తూ, ఎవరింటి నుంచో బయల్దేరినట్టు, "పోయొస్తా మాస్టరూ" అన్నాను.

అత్త నా చెయ్యి పట్టి లాగింది. "ఏందే నువ్వు! సమాధి కాడ ఎవురన్నా పోయొస్తానంటారా? నోరు మూసుకోని, తిరిగి చూడకుండా రావాల. అట్లంటే వాళ్ళను వెంట రమ్మన్నట్టే!"

"వస్తే రానీ అత్తా. రేపు నాకు తోడుంటాడు," అన్నాను. ఇల్లు చేరేదాకా ఆమె గొణుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున కవరు విప్పి కొత్త పొడుగుచేతుల చొక్కా తొడుక్కున్నాను. కర్రలు పోటీ పెట్టినవాళ్ళవే. ఆఖరి ఆటలో ఎదుటి అమ్మాయి నాకంటే పొడగరి. ఆమె మొదటి దెబ్బకే నా మోచేయి మామూలుగా లేవబోయింది. లేవలేదు. ఎవరో వెనకనుంచి పట్టుకుని పక్కటెముకలకు అదిమినట్టుంది. భయం వేయలేదు, పట్టరాని సంతోషం వేసింది. ఆట ముగిసేదాకా ఆ చెయ్యి వదల్లేదు. గెలిచాను.

నీళ్ళ సీసా తెచ్చిన అత్త నా చొక్కా చూసి ఆగిపోయింది. ఎడమ మోచేతి దగ్గర కొవ్వొత్తి మైనం, అందులో బొటనవేలి ముద్ర. ఇంకా మెత్తగా ఉంది. నా వేలు, అత్త వేలు, ఆట చూడ్డానికొచ్చిన మా మాస్టరు వేలు ఆనించి చూశాం. అది మా ముగ్గురి వేళ్ళకంటే పెద్దది. మైదానంలో కొవ్వొత్తి వెలిగించినవాళ్ళు లేరు, ముందురోజు సమాధి దగ్గరికి వేసుకెళ్ళిన చొక్కా ఇంట్లో నానుతోంది. ఆ ముద్ర ఎలా పడిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

వస్తానని మాటిచ్చాను కదా, ఆ సాయంత్రమే దండ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. అత్తా వచ్చింది. ఈసారి బుద్ధిగా నోరు మూసుకుని బయటికి నడిచాను. గేటు దగ్గర చూసుకుంటే పక్కన అత్త లేదు. వెనక్కి తిరిగాను. సమాధి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"పోయొస్తాం సామీ," అంటోంది. "బిడ్డకు ఇంకా పెద్ద ఆటలుండాయి."