ఐలేశం ఒగ్గు పట్టిన తీరు

మొగని పేరు నోటితోని తియ్యొద్దని మా అవ్వ మస్తు చెప్పింది. ఆమె పోయె, ఆయనా పోయె, నేను గూడ పొయ్యే ముసలిదాన్నే. ఇప్పుడు తీస్తే ఎవలేమంటరు? ఐలేశం. మా ఆయన పేరు ఐలేశం. కల్వకుర్తి చుట్టుముట్టు ఊర్లల్ల ఒగ్గు పట్టి నిలవడ్డోళ్లల్ల ఆయనంత పేరు తెచ్చుకున్నోడు లేడు. నా మొగడని చెప్తలేను. సరే, నా మొగడనే చెప్తున్న, అయితే ఏంది?

కానీ మొదట్ల ఆయన పాడితే పక్కింటోళ్లు తలుపేసుకునేటోళ్లు. గిది అందరు మర్శిపోయిన్రు. నేను మర్శిపోలే.

నైజాం నడుస్తున్న కాలం, పోలీసు యాక్షన్‌కు కొన్నేండ్ల ముందటి ముచ్చట. మేము కురుమలం. గొర్లు కాసుడు, ఉన్ని వడుకుడు, గొంగడి నేసుడు మా పని. మా మామ గోపయ్య ఊరి ఒగ్గుపూజారి. ఒగ్గంటే చేతుల ఇమిడే చిన్న వాయిద్యం. అది ఎవల చేతుల ఉంటే కథ వాళ్లదే. డోలు, తాళం, వంత అన్నీ ఆయన ఎన్కనే నడ్వాలె. మా కులదేవుడు బీరప్పకు పట్నం ఏసిన నాడు, అంటే నేల మీద రంగుల పిండ్లతోని ముగ్గులు పోసి దేవుని పెండ్లి చేసిన నాడు, మామ గొంతు గుట్ట అవతలికి ఇనబడేది. గసొంటి గొంతు ఒక చలికాలం దగ్గుతోని పోయింది. తెలిసిన మందులన్నీ పోసినం, తెలియనియి గూడ పోసినం. ఏం లాభం లే. ఆయన మాట చెవి దగ్గర పెట్టి ఇంటేనే ఇనబడేది.

కులపెద్దలు కూసున్నరు. "కొడుకున్నడు కద, ఈసారి పట్నం ఐలేశం చెప్పనియ్యి. నిలవెట్టకపోతే ఒగ్గు చెన్నయ్య మేళానికి పోతది" అని తేల్చిండ్రు. చెన్నయ్య దేవరకొండ దిక్కు మనిషి. మంచి కథకుడే, అబద్ధమెందుకు ఆడాలె? మేళం పెద్దది, గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది. ఒగ్గు ఆయన చేతికి పోతే మళ్ల మా ఇంటికి రాదు. తాతల నాటి నుంచి దేవుని ముంగట నిలవడ్డ ఇల్లు ఇగ జనంల కూసుండి చూడాలె.

మా ఆయన గొంతేమో సన్నం. మామ లెక్క లావుగ తీయబోతే మధ్యలనే పగిలేది. ఊర్ల పాడాలంటే సిగ్గు. అందుకని ఊరి బయట ఒక పాడుబాయి ఉంటే తెల్లారంగనే దాంట్లకు దిగి పాడుడు మొదలుపెట్టిండు. కొన్ని దినాలకు నా కాడికి ఉరుక్కుంట వచ్చిండు.

"బీరీ, బాయిల నా గొంతు అచ్చం నాయిన గొంతే!"

నేను పోయి గడ్డ మీద నిలవడి ఇన్న. నిజంగనే మామ పాడినట్టే ఉండె. నేనూ మురిసిన. మురిసిన మొఖానికి ఏం ఎరుక?

ఇంతల మా యాదయ్య ఇంట్ల దేవుని కొలుపు వచ్చింది. యాదయ్యే మా డోలు, మా వంత. "పెద్ద పట్నానికి ముంగట ఇక్కడ చిన్న కథ చెప్పి చూడు" అన్నడు. వాకిలి నిండ జనం. చెన్నయ్య గూడ వచ్చి గోడకు ఒరిగిండు. మా ఆయన ఒగ్గు మోగిచ్చిండు, ఒక మాట పాడిండు, ఆగిండు. ఇంకో మాట పాడిండు, మళ్ల ఆగిండు. ప్రతి మాట తర్వాత తల జర పక్కకు వంచి నిలవడుతున్నడు. యాదయ్య డోలు తప్పింది. అప్పుడు నాకు సమజయింది. బాయిల మాట తిరిగి వచ్చేదాక ఆగి తర్వాతి మాట అందుకునుడు అలవాటు చేసుకున్నడు. వాకిట్ల ఎవలు తిరిగి పలుకుతరు?

"ఐలేశం, ఎవల కోసం చూస్తున్నవ్ రా? అత్తగారోళ్లు ఇంకా రాలేదా?" అన్నడు చెన్నయ్య. జనం ఇరగబడి నవ్విండ్రు. మా ఆయన ఒగ్గు కింద పెట్టిండు. కథ మధ్యల ఒగ్గు నేల మీద పెట్టినోన్ని అంతకుముందు మా ఊరు చూడలే.

ఇంటికొచ్చి గొంగడి కప్పుకొని పన్నడు. "ఇచ్చేద్దం బీరీ. చెన్నయ్యకే ఇచ్చేద్దం" అన్నడు. మామ మూలకు కూసుండి ఇన్నడు.

నాకు యాడికెళ్లో కోపం లేసింది. "ఇయ్యి! ఒగ్గు ఇయ్యి, గొర్లు ఇయ్యి, నన్ను గూడ ఇయ్యి! బాయిని నమ్మినోనివి, పెండ్లాన్ని జర నమ్మరాదా? రేపటి సంది నేను చెప్పినట్టు పాడు" అన్న. నేను చెప్పేదేందో అప్పటికి నాకే ఎరుక లేదు. నోరు ముంగటవడ్డది, అంతే.

తెల్లారి ఆయనను గుట్ట ఎక్కిచ్చిన. నేను కదురు తిప్పుకుంట గొర్ల ఎంబడి కింద చెల్క దాక పోయిన. మాట తేటగ ఇనబడితే ఊకుంట, ఇనబడకపోతే కొంగు ఊపుత, అప్పుడు ఆ మాట మళ్ల పాడాలె, అదీ ఒప్పందం. ఆయన లావు గొంతు తీసి పాడినంత సేపు నా చెయ్యి నొచ్చేదాక కొంగు ఊపిన. ఆఖరికి ఆయనకు తిక్క రేగి, నా మీద కోపంతోని తన సన్నగొంతుతోనే గట్టిగ అందుకున్నడు. గా మాటలు ఒక్కొక్కటి చెవుల పడ్డయి! మేసే గొర్లు తలలెత్తినయి. నేను గుట్ట మీదికి ఉరికిన.

"గిదే! గిదే పాడు!"

"గిది ఆడగొంతు లెక్క ఉంటది. నాయిన గొంతు గిట్ల లేకుండె."

"మీ నాయిన గొంతు మీ నాయినతోనే పోయింది. నీకు రాదు. నీకున్నది నీకుంది" అన్న. గా దినం ఆయన గట్క ముట్టలే. నేను మాత్రం తిన్న, ఆకలైంది.

ఇంకో తిప్పలుండె. చిన్నప్పటి సంది ఇని ఇని ఆయనకు కథ మొత్తం వచ్చు, కానీ మొదటి నుంచే వచ్చు. నడుమ ఎవలన్న దగ్గితే మళ్ల దేవుని పుట్టుక కాడికే పోవాలె. నేను ఉన్ని వడుకుతుంటే ఉపాయం తట్టింది. పుట్టుకకు నల్ల ఉన్ని, అడివిల పెరుగుడుకు తెల్ల ఉన్ని, పెండ్లికి ఎర్ర ఉన్ని అని ఉండలు చేసి గంపల ఏసిన. చూడకుండ చెయ్యి పెట్టి ఏది తీస్తే ఆయన గాడికెళ్లే అందుకోవాలె. నీళ్లు మోసేటప్పుడు, గొర్లకు ఉన్ని కత్తిరిచ్చేటప్పుడు, ముద్ద నోట్లె ఉన్నప్పుడు గూడ ఉండ చూపేదాన్ని. "సంపుతున్నవే" అనేటోడు. పెండ్లి భాగం ఆఖరికి వస్తది, అప్పటికి పాణం అలిసి ఉంటది. అందుకని దాన్నే ముంగట నేర్పిచ్చి, ఎన్కకు ఎన్కకు జరుపుకుంట వచ్చినం.

జనం నవ్వుతరనే భయం ఒక్కటి మిగిలింది. దానికి నా కాడ మందు ఉండనే ఉండె. ఆయన పాడుతుంటే ముంగట నిలవడి తిట్టేదాన్ని. ఆయన ఆపొద్దు, తప్పొద్దు, నవ్వొద్దు. పెండ్లయిన కాడికెళ్లి కడుపుల దాసుకున్నయన్నీ తీసిన. మొదట్ల కొట్లాటకు వచ్చేటోడు. పోను పోను నా తిట్లకు తాళం ఏసుకుంట పాడుడు నేర్సిండు. మొగడు నా మాట ఇనకపాయెనని సంబురపడ్డ ఆడది నేనొక్కదాన్నే ఉంటనేమో.

పట్నం దినం రానే వచ్చింది. చుట్టుపక్కల ఊర్ల కురుమలంత దిగిండ్రు. చెన్నయ్య తన మేళంతోని, డోళ్లు కట్టుకొని ముంగట్నే కూసున్నడు. మా ఆయన ఒగ్గు ఎత్తి సన్నగొంతుతోని అందుకోంగనే కొందరు మూతి తిప్పిండ్రు. నేను ఎన్నడు పేరు వెట్టి పిలువని దేవుళ్లను గూడ మొక్కిన. ఆయన మాత్రం ఎవల దిక్కు చూడలే. ఎండ ఎక్కింది, గాలి లేసింది. గాలికి పెద్ద గొంతులు కొట్టుకపోతయి గని ఆయన మాట చివరి వరుస ముసలోళ్లకు గూడ తేటగ అందింది. బండ్లు కట్టేటోళ్లు ఎడ్లను ఇడిసి మళ్ల కూసున్నరు.

అడివి భాగం సగానికి వచ్చింది. గప్పుడే మొక్కుబడి పొట్టేళ్లు తాళ్లు తెంపుకొని ముగ్గుల నడిమికెళ్లి ఉరికినయి. పసుపు లేసింది, పిల్లలు ఏడ్సిండ్రు, మొగోళ్లు లేసి ఉరికిండ్రు. వాటిల ఒకటి తనదని యాదయ్య డోలు పారేసి దాని ఎంబడి పడ్డడు. కథ ఆగింది. చెన్నయ్య లేసి నిలవడి, "ఇగ మొదటికెళ్లి నేనందుకుంట" అని డోలు సవరిచ్చుకున్నడు.

ఆయన నోరు తెరిసేలోపే మా ఆయన తెగిన కాడికెళ్లే అందుకున్నడు. తెగిన మాట కాడికెళ్లే! ఒక్క పదం ఎన్కకు పోలే. జనం పొట్టేళ్లను ఇడిసిపెట్టి ఎక్కడోళ్లక్కడ్నే కూసున్నరు.

అడివి దాటింది, పెండ్లి మొదలైంది. పెండ్లి పాటకు వంత లేకుంటే నడ్వదు. వంత యాదయ్యదాయె, యాదయ్య పొట్టేలు ఎన్క ఎక్కడున్నడో! మా ఆయన పెండ్లిపిల్ల పల్లకి ఎక్కే మాట సన్నగ, పైకి, ఇంకా పైకి ఎత్తి ఇడిసిండు.

వంత వచ్చింది. లావు గొంతు, నిండు గొంతు. చెన్నయ్యది.

కండ్లు మూసుకొని ఇంటున్నడు పాపం, పుట్టినకాడికెళ్లి కథలల్ల బతికిన మనిషి, ఆయన నోరే అందుకుంది. మా ఒగ్గోళ్లల్ల ఒక కట్టు ఉంది. ఒగ్గు పట్టినోనికి ఇంకో ఒగ్గుపూజారి వంత పలికితే, గా జాగల గా ఒగ్గు ఆయనదేనని ఒప్పుకున్నట్టు. చెన్నయ్య కండ్లు తెరిసిండు. జనమంత ఆయన దిక్కే చూస్తున్నరు. జరసేపు మీసం దువ్వుకున్నడు. తర్వాత పెద్దగ నవ్వి, డోలు మెడల ఏసుకొని వచ్చి మా ఆయన ఎడమ పక్కకు నిలవడి, అంతకంటే గట్టిగ వంత పలికిండు. లేసిన ఈలలకు, కేకలకు గుట్ట అదిరింది. నేను ఏడుస్తున్ననో, నవ్వుతున్ననో నాకే తెల్వలే.

పొద్దుగూకక ముందే పెండ్లి అయింది. కులపెద్దలు నోరు తెరవబోతే చెన్నయ్యే, "ఇంకేం అడుగుతరు? నేను పలికింది మీ చెవులకు ఇనబడలేదా?" అన్నడు.

మామ లేసిండు. కట్టె పట్టుకొని నడిసొచ్చి కొడుకు నొసటికి పసుపు బండారి పెట్టిండు. గన్ని దినాల సంది మంచి అనలే, చెడ్డ అనలే. కొడుకు చెవుల ఏందో చెప్పిండు. మా ఆయన అక్కడ్నే కూలబడి చిన్న పోరని లెక్క ఏడ్సిండు. "ఏమన్నడు, ఏమన్నడు" అని జనం ఒక్కటే గోల. పక్కనే ఉన్న నాకు ఇనబడ్డది.

"ఇది నా గొంతు కాదు బిడ్డా, నీదే. దేవునికి గిదే నచ్చింది" అన్నడు.

మామకు గొంతు లేదాయె, మా ఆయనకు మాట వస్తలేకపాయె. ఇగ నేనే లేసి, నెత్తి మీది కొంగు జారినా సర్దుకోకుండ, గుట్ట మీదున్నోళ్లకు గూడ ఇనబడేటట్టు గా మాట అరిసి చెప్పిన.