దేవరకొండ బస్సులో నా బిడ్డ

2021 జూలైలో నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే బస్సులో నాకు ఆగకుండా దగ్గు వచ్చింది. కరోనా తగ్గి, పరీక్షలో నెగిటివ్ వచ్చి పదకొండు రోజులైంది. ఆ ఉదయం ఆక్సిజన్ తొంభై ఏడు. దగ్గుతూనే ఈ వివరాలన్నీ చెప్పాను. ఎవరూ వినలేదు. పక్క సీటాయన లేచిపోయాడు.

కండక్టర్ బస్సు ఆపించి, "పెద్దాయనా, జర దిగు. జనం భయపడుతున్నరు," అన్నాడు.

బయట ఊరు లేదు, నీడ లేదు. అరకిలోమీటరు నడిచే శక్తి నాకింకా రాలేదు.

అంతలో వెనుక నుంచి ముప్ఫై ఏళ్ల స్త్రీ ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమెను నేనెన్నడూ చూడలేదు.

"మా నాయినకు దమ్మున్నది. దుమ్ముకు గిట్లనే దగ్గుతడు. జాగ లేక నేను ఎనక కూసున్న. దించుతె నన్ను గూడ దించు, టికెట్ పైసలు వాపస్ ఇయ్యి."

బస్సు కదిలింది. ఆమె తన నీళ్ల సీసా నాకిచ్చింది.

"తాగు నాయినా. లెక్కలు తర్వాత చెబుదువు."

దేవరకొండకు ముందు స్టేజీలో ఆమె దిగిపోయింది. కండక్టర్ వింటాడని, కృతజ్ఞత చెప్పుకునేందుకు పేరైనా అడగలేకపోయాను.

"బిడ్డను గీ ఊరికే ఇచ్చిండ్రా?" అని కండక్టర్ మెల్లగా అడిగాడు.

నాకున్నది ఇద్దరు కొడుకులే. వివరం తప్పయితే వెంటనే దిద్దడం నా అలవాటు. ఆ రోజు మాత్రం, "ఔ, గీ ఊరికే ఇచ్చినం," అన్నాను.