ముందు హోటల్, తర్వాత నీళ్ళు

ఎనభైల మొదట్లో నేను రోజూ జెర్సీ సిటీలో రైలెక్కి మన్‌హటన్‌లోని ఒక కన్సల్టింగ్ ఆఫీసుకి వెళ్ళేదాన్ని. చిన్న చిన్న దీవుల దేశాలు ఎలా బాగుపడాలో రాసివ్వడం మా ఆఫీసు పని. రాసేవాళ్ళలో ఆ దీవుల మొహం చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఒక దీవికి రాసిన రిపోర్టును కత్తెరతో ముక్కలు చేసి, పేరు మార్చి, ఇంకో దీవికి అతికించేవారు. దాన్ని మళ్ళీ శుభ్రంగా టైపు చేయించి సరిచూడాల్సిన ఖర్మ నాది.

మా బాసుది గోదావరి జిల్లా, కాలవగట్టున పుట్టి పెరిగిన మనిషి. నాది అనంతపురం. బిందెడు నీళ్ళ కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకోవడం చూస్తూ పెరిగాను. పసిఫిక్‌లో ఒక పగడపు దీవికి ఆయన రాసిన రిపోర్టులో, నదీజలాలు పుష్కలంగా ఉన్నాయి కాబట్టి ముందు పెద్ద హోటల్ కట్టాలని ఉంది. చదవగానే నాకు ఒళ్ళు మండింది.

"ఏరు యాడుంది సార్ ఈ దీవిలో? ఈ చివర నిలబడితే ఆ చివర సముద్రం కనపడతాదే!"

"చిన్న కాలవైనా ఉండకుండా ఉంటుందేంటమ్మాయ్? జనం బతకట్లేదా అక్కడ?"

ఏరూ కాలవా లేని చోట మనుషులుంటారన్న ఊహే ఆయన బుర్రకెక్కదు. ఏం చెప్పను!

ఆ వారమే ఆ దేశపు ప్రణాళికా శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. ఇసకలో ఇంకిన వాన నీరే తమకు దిక్కని, హోటల్ మోటార్లు పెట్టి తోడితే పక్క ఊరి బావుల్లోకి ఉప్పునీరు వచ్చేస్తుందని చెప్పింది. ఆ ఊళ్ళోనే వాళ్ళమ్మ ఉంటోంది. "ముందు వాననీళ్ళ తొట్లు కట్టించండి, హోటల్ తర్వాత. ఈ వరస ఒక్కటి మార్చండి చాలు" అని బతిమాలింది.

మా బాసు రిపోర్టులోంచి నది మాట కొట్టేశారు. తొట్లను మాత్రం రెండో దశలోకి తోసేశారు.

"హోటలొస్తే గ్రోత్ వస్తుంది, గ్రోత్ వస్తే తొట్లు అవే వస్తాయి. ఆర్డర్ ఛేంజ్ చేస్తే ఫండింగ్ వాళ్ళు ఒప్పుకోరమ్మాయ్."

"హోటలోళ్ళు స్నానాలు చేస్తారు సరే, అంతదాకా ఊళ్ళోవాళ్ళు ఏం తాగాల సార్?"

ఎంత అరిచినా గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఆ పూట కోపంతో నాకు అన్నం కూడా సయించలేదు.

కొన్నేళ్ళకు ఆవిడ మళ్ళీ వచ్చింది. హోటల్ నడుస్తోంది, తొట్లు కాగితం మీదే ఉన్నాయి. మా బాసు సంబరంగా ఆ దేశపు గ్రోత్ గ్రాఫు పరిచి, పైకి ఎగబాకిన గీతను చూపించారు.

ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టింది. "మా బావులు ఉప్పుబారిపోయాయి. మా అమ్మ హోటల్‌వాళ్ళ దగ్గర డబ్బాలతో నీళ్ళు కొంటోంది. ఆ కొనడం కూడా ఇందులో కలిసిందా?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ వైపు చూడకుండా నాతో తెలుగులో అన్నారు: "ఊరికే తోడుకున్న నీళ్ళు లెక్కలోకి రావు. ఇప్పుడు కొంటున్నారు గనక గ్రోత్‌లో కలుస్తుంది. ఆవిడకి నువ్వు చెప్పమ్మాయ్."

"నేను చెప్పను సార్. మీ నోటితో మీరే చెప్పండి" అన్నాను.