కీ ఇచ్చే సోమవారం

మా చెల్లెలంటే నాకు అసూయ. ఈ వయసులో దాచుకోవడం అనవసరం. అది నాకు ఏడేళ్లప్పుడు ఒక నిచ్చెన దగ్గర మొదలైంది.

కోస్తాలో ఒక చిన్న ఊళ్లో మాకు బంగారం కొట్టుండేది. కొట్టు ముందు రోడ్డు వారగా ఇనుప స్తంభం, దాని మీద రెండు ముఖాల గడియారం. మద్రాసులో మూతపడుతున్న ఏదో షాపు దగ్గర మా తాతయ్య దాన్ని కొని, గూడ్సు బండిలో వేయించుకొచ్చాడట. వారానికోసారి కీ ఇవ్వాలి. సోమవారం పొద్దున రాహుకాలం పోయాక, అంటే తొమ్మిది దాటాక, నాన్న నిచ్చెన వేసుకుని చెల్లెల్ని చంకనెత్తుకుని ఎక్కేవాడు. కీ దాని చేత తిప్పించేవాడు. "నువ్వు పెద్దదానివి కదా, నిచ్చెన పట్టుకో" అనేవాడు నాతో. మా ఇద్దరికీ తేడా రెండేళ్లే. బజారంతా చూస్తుండగా అది పైన, నేను కింద.

ఆ గడియారాన్ని నాన్న కావాలనే ఐదు నిమిషాలు ముందుకి పెట్టేవాడు. పెళ్లి నగలకి వచ్చినవాళ్లు దాని వైపు చూసి, వర్జ్యం వచ్చేస్తోందని కంగారుపడి, బేరాలు ఆపి మంగళసూత్రాలు తీసేసుకునేవాళ్లు. మోసం కదా నాన్నా అంటే, "శుభం ఐదు నిమిషాలు ముందే జరిగితే ఎవరికే నష్టం?" అని నవ్వేవాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు స్తంభం తీసెయ్యాల్సి వచ్చింది. నాన్న కొట్టు ఎత్తేసి, హైదరాబాదు మధురానగర్‌లో నా దగ్గరికి వచ్చేశాడు. గడియారాన్ని కూడా నేనే తెచ్చుకుంటానన్నాను. మా ఫ్లాటు బాల్కనీలో బట్టలారేసుకోవడానికే చోటు లేదు, అయినా అన్నాను. చెల్లెలు ఒక్క ఫోను చేసి లారీ పంపించేసింది. జూబ్లీహిల్స్‌లో వాళ్లాయన నగల షోరూం గుమ్మం పక్కన పొట్టి స్తంభం మీద దాన్ని నిలబెట్టించింది. వాళ్లమ్మేది వజ్రాలు. నాది ఫిలింనగర్‌లో సినిమావాళ్లకి గిల్టు నగలు అద్దెకిచ్చే కొట్టు. ఇద్దరం ఒక కంసాలి బజారులోనే పెరిగాం మరి.

అప్పటినుంచీ ప్రతి సోమవారం చెల్లెలి కారు వచ్చి నాన్నని తీసుకెళ్లేది. ఆయన పెందలాడే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కీ జేబులో వేసుకుని సిద్ధంగా కూర్చునేవాడు. వారమంతా మాత్రలు గుర్తుచేసేది నేను. ఉప్పు తగ్గించిన కూర తినమని బతిమాలేది నేను. ఆయన ముఖం కళకళలాడేది మాత్రం ఆ కారు హారన్ వినిపించినప్పుడు. నాకు ఒళ్లు మండిపోయేది.

మొన్నొక సోమవారం ఏదో షూటింగు రద్దయి ఖాళీ దొరికింది. నేనూ ఆ కారెక్కాను. షోరూం గుమ్మంలో చెల్లెలు నాన్న చెయ్యి పట్టుకుని స్టూలు ఎక్కించింది. ఆయన కీ తిప్పాడు, అలవాటుగా ముల్లు ఐదు నిమిషాలు ముందుకి జరిపాడు, దిగాడు. ఇద్దరూ లోపల కాఫీ తాగుతూ కబుర్లలో పడ్డారు. నన్నూ రమ్మన్నారు గానీ వెళ్లబుద్ధి కాలేదు. బయటే నిలబడ్డాను. అంతలో మేనేజరు అదే స్టూలెక్కి ముల్లుని వెనక్కి జరిపేశాడు.

"అదేంటండీ, మా నాన్నగారు ఇప్పుడేగా పెట్టారు?" అన్నాను.

"ప్రతిసారి నేనే సరిచేస్త మేడమ్. లోపల పాత మిషన్ తీసేసి ఏడాదైంది. బ్యాటరీది పెట్టిండ్రు. కీ ఊకెనే తిరుగుతది. పెద్దసారుకు జర చెప్పకుండ్రి, మా మేడమ్ వద్దన్నరు."

నిజం చెప్పొద్దూ, నాకు ఎంత సంతోషం వేసిందో! ఇన్నేళ్లకి చెల్లెలి తప్పొకటి నా చేతికి చిక్కింది. తిరిగి వెళ్లేటప్పుడు కారు వద్దని ఆటో పిలిచాను. నాన్నని ఫిలింనగర్‌లో నా కొట్టుకి తీసుకెళ్లి, గిల్టు కిరీటాల మధ్య కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. "నీతో నాటకాలాడుతోంది నాన్నా. ఇంక వెళ్లకు" అన్నాను.

"తెలుసే" అన్నాడు. "స్ప్రింగు ఉంటే చివరి చుట్లకి కీ బరువెక్కాలి. ఏడాదిగా బరువెక్కట్లేదు. ఆమాత్రం తెలీదా నాకు?"

"మరెందుకు వెళ్తున్నావు?"

"కీ ఇచ్చే పని లేదని తేలిపోతే అది నన్నెందుకు పిలుస్తుంది? దానికి తీరికెక్కడిది? ఈ వంకనైనా అరగంట నా ఎదురుగా కూర్చుంటోంది. నాకు తెలుసని దానికి చెప్పకు."

ఆయన నొచ్చుకోకూడదని అది అబద్ధమాడుతోంది. అది దూరం కాకూడదని ఈయన అబద్ధమాడుతున్నాడు. నాతో ఉండటానికి నాన్నకి ఏనాడూ ఏ వంకా అక్కర్లేకపోయింది. అందుకు నేను సంతోషించాలి. కానీ నా కోసం కూడా ఒక్క అబద్ధం ఆడొచ్చుగా నాన్నా అని అడగబోయాను. ఏం అడగబోతున్నానో అర్థమై, సిగ్గేసి ఊరుకున్నాను.