మంచు కింద పేరు

కాక పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను ఆయన బిగించిన సెంట్రింగ్ చెక్కల మీదే నిలబడి ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి ఆయన్ని పికప్ వెనక పడుకోబెట్టి కింది ఊరి క్లినిక్‌కు తీసుకెళ్లారు. పదకొండింటికి డ్రైవర్ ఫోన్ చేసి రెండే మాటలు అన్నాడు: "ఖతం, భాయ్." రెండు రోజులకు కాయితం వచ్చింది. సహజ మరణమని రాసి ఉందట. చనిపోయిన చోటు దగ్గర కింది ఊరి పేరు ఉంది. మనిషి కొండ పైన కూలాడు, కాయితంలో కింద చచ్చాడు. నా బుర్ర అక్కడే ఆగింది. ఇంకా కదల్లేదు.

కాక మా మేస్త్రి, జగిత్యాల వైపు మనిషి. నాకు చుట్టం కాడు. పై క్యాంపులో ఉన్న తెలుగువాళ్లమంతా ఆయన్ని కాక అనే పిలిచేవాళ్లం.

సౌదీ అంటే మన దగ్గర ఇసుక, ఎండ అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుని పల్చటి చొక్కాలతో దిగాను. ఇక్కడ తాయిఫ్ అనే కొండ ఊరి కన్నా ఎత్తైన కొండలున్నాయి. అట్లాంటి ఒక కొండ మీద, డబ్బున్నవాళ్లు మంచులో జారి ఆడుకోవడానికి ఊరు కడుతున్నారు. పడే మంచు చాలకపోతే మిషన్లతో చల్లుతారట. ఆఫీసు కింద ఉంటుంది. మా రేకు గదులు, మా పని వెయ్యి మీటర్లు పైన. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని తర్వాత ఫోన్లో చదివి నేర్చుకున్నాను. కాక చదవలేదు. ఆయనకు పప్పు చెప్పింది.

వచ్చిన మొదటి వారం వంట వంతు నాది. నీళ్లు తెర్లుతున్నాయి, పప్పు మాత్రం రాయిలా ఉంది. పాత పప్పు అంటగట్టాడని దుకాణం వాణ్ని బూతులు తిడుతున్నాను. కాక వచ్చి మూత ఎత్తి చూశాడు.

"వాన్ని తిట్టకురా. ఈడ గాలి పల్చగుంటది. నీళ్లు జల్ది మసుల్తయ్ గని గింజ ఉడ్కది. మసుల్తుందని నమ్మకు. గింజ వట్టి సూడు."

ఆయన దేన్నైనా పట్టి చూసేవాడు. అందుకే రాత్రి పడుకునే ముందు తన స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, గది బయట రాయి మీద పెట్టేవాడు. పెళ్లికి అత్తగారింటివాళ్లు పెట్టిన పళ్లెం అది. అడుగున ఆయన భార్య పేరు చెక్కి ఉంటుంది. తెల్లవారి మంకీ క్యాప్ సర్దుకుంటూ వెళ్లి దాని మీద వంగేవాడు. అక్షరాలు తేటగా ఉంటే నీళ్లు నీళ్లుగానే ఉన్నట్టు. మసకబారితే పల్చటి పొర పట్టినట్టు. తెల్లగా గడ్డకట్టి అక్షరాలు మాయమైతే ఆ రోజు కాంక్రీటు పోయకూడదు.

"పేరు కానొస్తుందా కాకా?" అని గదుల్లోంచి అరిచేవాళ్లం.

"కానొస్తలేదు. మీ చిన్నమ్మ అలిగింది. పండుండ్రి," అనేవాడు.

పండుకోనిచ్చేవాళ్లు ఎవరు? అయిదు డిగ్రీల లోపు పోయకూడదన్నది కంపెనీ రూలే. కానీ గేటు దగ్గర బోర్డు మీద రాసే అంకె కింది ఆఫీసు నుంచి ఫోన్లో వస్తుంది. ఎప్పుడు చూసినా ఆరు. పళ్లెంలో గడ్డ, బోర్డు మీద ఆరు. కిందికి అది నిజమే కావచ్చు. కింద మేం లేం. పోసిన గోడకు మాత్రం చలికి పాడవకుండా సాయంత్రం దుప్పట్లు కప్పించేవాళ్లు. కాక నవ్వేవాడు: "గోడ అప్పుడే పుట్టింది గద, దుప్పటి గప్పుతరు. మనం పుట్టి శాన దినాలైంది."

ఇప్పుడు సిగ్గుపడుతూ ఒకటి చెప్పాలి. మొదట్లో నేను ఆయన్ని కంపెనీ మనిషి అనుకున్నాను. రోజూ పళ్లెం చూశాక ఒక చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు. ఎవరు లేటుగా లేచారో, ఎవరేం తిట్టారో రాసి పైవాళ్లకు చాడీలు మోస్తున్నాడని నాకు అనుమానం. ఇద్దరు ముగ్గురికి అదే ఎక్కించాను. నెల రోజులు ఆయనతో కలిసి తినలేదు. ఒక రోజు ఆయన స్నానానికి వెళ్తే దిండు కింద నుంచి ఆ బుక్కు లాగాను. ప్రతి పేజీలో తేదీలు. ఒక్కో తేదీ ఎదుట "పేరు ఉంది" లేదా "పేరు లేదు". పక్కన బోర్డు అంకె. అంతే.

తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. నా చేతిలో బుక్కు అట్లాగే ఉంది.

"సదివినవా? తప్పులుంటె దిద్దు. నాది నాలుగో తరగతి."

బుక్కు మూసి దిండు మీద పెట్టాను.

"నా మీద అనుమానపడ్డవ్, మంచిదే. గట్లనే ఆ బోర్డు మీద గూడ పడు," అన్నాడు. ఆ పూట తిండి దగ్గర రొట్టె తుంచి నా పళ్లెంలో వేశాడు.

చివరి రోజు పేరు కనిపించలేదు. కాక సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. అతను బోర్డు చూపించాడు. ఆరు. మేం పనికి దిగాం. రెండు రోజులుగా ఆయనకు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. గదిలో ఉండమన్నాను. "మిమ్మల్ని తోలి నేనీడ కూసుంటె పాణం వట్టదురా," అన్నాడు. గంటన్నర తర్వాత చెక్కకు వీపు ఆనించి కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

ఆయన భార్య ఫోన్ చేసింది.

"నిజం జెప్పు కొడుకా. మొన్న మాట్లాడితె మంచిగనే ఉండె. సలికి వోయిండా, గుండె ఆగి వోయిండా?"

"నాకు డాక్టరీ తెల్వది చిన్నమ్మా," అన్నాను. "కాక రాసుకున్నది మాత్రం సదువుత, ఇను."

ఆయన దిండు కింద నుంచి బుక్కు తీసి ఆఖరి పేజీ చదివాను. ఆ రోజు తేదీ, "పేరు లేదు", బోర్డు ఆరు. దాని కింద ముందెప్పుడూ రాయని ఒక మాట: "చెప్పిన."

ఆమె మళ్లీ ఒకసారి చదివించుకుంది. తర్వాత, "ఆ బుక్కు పారెయ్యకు బిడ్డా," అంది.

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి ఒకతను సామాన్లు మూటగట్టడానికి వచ్చాడు. హైదరాబాదీ. "ఏదో నోటుబుక్ ఉందంట కదా భయ్యా, ఇచ్చెయ్. ఇంటికి పంపిస్తాం." లేదన్నాను. తలుపు వరకు వెళ్లి వెనక్కి వచ్చి మెల్లగా అన్నాడు: "ఉంటే ఫోటోలు తీసి పెట్టుకో. నేను చెప్పిన అనకు." అతను మంచివాడో, అదీ ఒక ఎరో నాకు ఇప్పటికీ తేలలేదు. ఫోటోలు తీశాను. చిన్నమ్మకు పంపాను. బుక్కు మాత్రం ఇవ్వలేదు. పళ్లెం ఇచ్చాను. దాని మీద ఆమె పేరుంది, ఆమెకే చేరాలి.

మరి పొద్దున ఏం చూడాలి? నా పళ్లెం మీద ఏ పేరూ లేదు. ఒక మేకు తీసుకుని కూర్చుని దాని అడుగున కాక పేరు గీశాను. అక్షరాలు వంకర పోయాయి. ఆయన ఉంటే నా చేతే మళ్లీ దిద్దించేవాడు.

ఈ పొద్దున లేచేసరికి గాలి కోస్తోంది. అవతల గేటు దగ్గర బోర్డు మీద అప్పుడే ఆరు రాసి ఉంది. రాయి చుట్టూ మనవాళ్లు చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. పేరు కనిపిస్తోందా అని ఎవరూ అడగలేదు. నేను వంగి చూశాను. గడ్డ తెల్లగా, అంచు దాకా పట్టింది. మొదటి అక్షరం కొమ్ము ఒక్కటే సన్నగా కనిపిస్తోంది, దుప్పటి కప్పుకున్న మనిషి వేలు బయటికి వచ్చినట్టు. సూపర్‌వైజర్ అక్కడి నుంచి ఈల వేశాడు. మాలో ఎవరూ పార అందుకోలేదు.